ఒంట్లో బాగాలేనప్పుడు ఫోన్‌లో తోడు వెతుక్కోవడం ఎలా

ఎనిమిది నెలలు నేను ముదురు రంగు చీరలే కట్టుకున్నాను. నలుపు, నేరేడు, బచ్చలిపండు రంగు. తోటి టీచర్లు "ఏంది మేడం, లేత రంగులు మానేసినారు" అంటే నవ్వి ఊరుకునేదాన్ని. తిరుపతి నుంచి చంద్రగిరి అవతల ఉన్న మా బడికి రోజూ బస్సులో వెళ్లిరావాలి. సీటు దొరికినా నిలబడే వెళ్లేదాన్ని, లేచేటప్పుడు ముట్టు మరక పడిందేమోనని వెనక్కి తిరిగి సీటు చూసుకోవాల్సి వస్తుందని. మా ఆయనతో "నలతగా ఉంది" అన్నంతవరకే నోరు పెగిలింది. అమ్మకు చెబితే హడలిపోతుంది. వదినకు చెబితే ఊరికి చెప్పినట్టే.

ఒక రాత్రి ఫోన్‌లో ఎవరో ముక్కూమొహం తెలియనావిడ రాసిన మాట కంటబడింది: "బయటికి పోవాలంటే బ్యాగులో ఇంకో లంగా పెట్టుకొని పోతాండా." నా బ్యాగులోనూ ఉంది ఇంకో లంగా. ఆ పూట నా జబ్బు ఏమీ తగ్గలేదు గానీ, నిద్ర మాత్రం పట్టింది.

తర్వాత రెండేళ్లలో అలాంటి గ్రూపులు చాలా చూశాను. కొన్నింటిలోంచి పారిపోయి వచ్చాను. ఒకదానిలో దొరికిన అక్క ఇప్పుడు నాకు ఇంటిమనిషి. పీసీఓడీ (ముట్లు సరిగా రాకపోవడం, మొహం మీద వెంట్రుకలు), థైరాయిడ్, పిల్లలు నిలవకపోవడం, ముట్లు ఆగే వయసు, రొమ్ము ఆపరేషన్ తర్వాతి రోజులు, ఏదైనా కానీ, మీరూ అలా వెతుక్కుంటూ ఉంటే నేను తప్పటడుగులు వేసి నేర్చుకున్నది ఇది.

ముందు కాగితం మీద రాసుకోండి

ఫోన్ పక్కన పెట్టి, మీకు ఏం కావాలో ఒక ముక్క రాసుకోండి. సమాచారమా? "నీకొక్కదానికే కాదులే" అనే ఊరటా? లేక స్కాన్ గది బయట పక్కన కూర్చునే మనిషా? ఈ మూడూ ఒకే చోట దొరకవు. సమాచారానికి పెద్ద గ్రూపు పనికొస్తుంది. ఊరటకు పదిమంది చాలు. పక్కన కూర్చోవడానికి ఒక్కరు కావాలి, ఆ ఒక్కరూ మీ చుట్టుపక్కల ఊళ్లలో ఉండాలి.

గ్రూపులో పెట్టకూడనివి కూడా అదే కాగితం మీద రాయండి. గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే, కళ్లు తిరిగి పడిపోతే, కడుపుతో ఉండగా రక్తం కనబడితే మెసేజ్ పెట్టి జవాబు కోసం చూడకూడదు, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. ముట్లు పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ ఒక్క చుక్క కనబడినా, రొమ్ములో కొత్తగా గడ్డ తగిలినా ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి. బతకాలని లేదనిపించే రాత్రుల్లో 14416, అది టెలీ మానస్, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, పైసా ఖర్చు లేదు, ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు నేను ఫోన్‌లో "పిన్ని" అని దాచుకున్నాను. ఎందుకని అడక్కండి.

వెతకడం ఎక్కడ

మొదట మీ ఫోన్‌లో ఇప్పటికే ఉన్న గ్రూపులే చూడండి. డ్వాక్రా సంఘం గ్రూపు, పాత కాలేజీ స్నేహితులు, పిల్లల స్కూలు తల్లులు. అందరి ముందూ అడగక్కర్లేదు. "మనలో ఎవరికైనా థైరాయిడ్ ఉందా, ఒక మాట అడగాలి, నాకు విడిగా మెసేజ్ పెట్టండి" అంటే చాలు. మా మహిళా యూనివర్సిటీ బ్యాచ్‌లో నేను ఇలా అడిగితే ఏడుగురు పలికారు. ఇన్నేళ్లూ అందరం పుట్టినరోజు కేకుల ఫొటోలే పెట్టుకున్నాం.

ఊళ్లో ఉండేవాళ్లయితే ఆశా కార్యకర్తను కదపండి. ఏ ఇంట్లో ఏ బాధ ఉందో ఆమెకు తెలుసు, ఎవరి గుట్టు చెప్పకూడదో కూడా తెలుసు. "నాలాంటి వాళ్లు ఎవరైనా మాట్లాడతామంటే నా నంబరు ఇవ్వక్కా" అనండి. వాళ్ల నంబరు మీరు అడగొద్దు, మీది ఇచ్చి రండి.

ఆ తర్వాతే ఫేస్‌బుక్, టెలిగ్రామ్. వెతికేటప్పుడు జబ్బు పేరు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి కొట్టండి. వచ్చే గ్రూపులు వేరువేరుగా ఉంటాయి. చిత్తూరు వైపు వాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. పెద్ద జబ్బయితే మనవాళ్లు తమిళనాడులోని రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోతారు కదా, అక్కడ చూపించుకునేవాళ్లతో నిండిన తమిళ గ్రూపులు ఉన్నాయి. అరవం చదవడం రాకపోయినా వింటే అర్థమయ్యేవాళ్లు మనలో బోలెడుమంది. వాయిస్ మెసేజ్‌లు వినండి, మీరు తెలుగులో చెప్పినా వాళ్లలో కొందరికి అర్థమవుతుంది.

చేరేముందు ఫోన్ సర్దుకోండి

ఇది విసుగు పని. అయినా వదిలేయొద్దు.

మామూలు వాట్సాప్ గ్రూపులో చేరితే అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ మీ నంబరు కనబడుతుంది. ఒక్కో గ్రూపులో 1,024 మంది దాకా పడతారు. కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్ మీ కాంటాక్టులకు మాత్రమే కనబడేలా మార్చండి. పిల్లల ఫొటో డీపీగా ఉంటే తీసేసి ఒక మందార పువ్వు పెట్టుకోండి. అక్కడే 'గ్రూప్స్' అని ఉంటుంది, దాన్ని కూడా 'మై కాంటాక్ట్స్' చేస్తే ముక్కూమొహం తెలియనివాళ్లు మిమ్మల్ని ఏ గ్రూపులోకీ లాగలేరు. టెలిగ్రామ్‌లోనైతే నంబరు దాచి, యూజర్ నేమ్ ఒక్కటే కనబడేలా పెట్టుకోవచ్చు. ఫేస్‌బుక్ గ్రూపుల్లో కొన్నిచోట్ల పేరు లేకుండా పోస్టు పెట్టనిస్తారు. మిగతావాళ్లకు పేరు కనబడదు గానీ అడ్మిన్‌కు కనబడుతుంది, అది మనసులో ఉంచుకోండి. మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సదుపాయం ఉంది కదా అనుకోవద్దు. స్క్రీన్‌షాట్ తీసేవాళ్లను అది ఆపలేదు.

తిరుపతి పేరుకే పెద్ద ఊరు. బైరాగిపట్టెడలో ఒకావిడతో మాట కలిపితే పది నిమిషాల్లో ఆమె మన చిన్నత్త ఆడపడుచు తోడికోడలని తేలుతుంది. మా గ్రూపులో పెళ్లికాని అమ్మాయి ఒకతె పీసీఓడీ స్కాన్ రిపోర్టు పేరుతో సహా పెట్టింది. వారం తిరక్కుండా అది పెళ్లిమాటలు నడుస్తున్న ఇంటికి చేరింది. ఎవరు పంపారో ఇప్పటికీ తెలీదు. ఆ అమ్మాయి గ్రూపులోంచి వెళ్లిపోయింది, మేం అందరం మౌనంగా ఉండిపోయాం. నేనూ ఉండిపోయాను.

అందుకని రిపోర్టు పెట్టాల్సి వస్తే పేరు, వయసు, ఫోన్ నంబరు, ఆసుపత్రి నంబరు, డాక్టరు పేరు కనబడకుండా కత్తిరించండి. మూలన గళ్లుగళ్లుగా ఉండే క్యూఆర్ కోడ్ కూడా. కొన్ని ల్యాబుల రిపోర్టుల మీద దాన్ని స్కాన్ చేస్తే మొత్తం రిపోర్టు తెరుచుకుంటుంది. అసలు ఫొటో ఎందుకు, కావలసిన అంకె ఒక్కటి టైపు చేస్తే సరిపోతుంది.

వారం రోజులు ఊరికే చదవండి

చేరిన రోజే గోడు వెళ్లబోసుకోవద్దు. కొత్త కోడలు అత్తింట్లో మొదటి వారం ఎలా ఉంటుందో అలా ఉండండి, అన్నీ చూస్తూ.

ఏం చూడాలి? ఎవరైనా బాధ చెప్పుకుంటే మొదటి జవాబు ఏం వస్తోందో చూడండి. "డాక్టరుకు చూపించావా తల్లీ" అని వస్తే మంచి గ్రూపు. "నా దగ్గర పొడి ఉంది, ఇన్‌బాక్స్‌కు రా" అని వస్తే సంత. నేను చేరిన మొదటి గ్రూపులో పగలంతా ఊరట మాటలు, రాత్రి తొమ్మిది దాటితే గర్భసంచి గడ్డలు కరిగించే లేహ్యం. నలభై రోజుల కోర్సు, డబ్బులు ముందే పంపాలట. ఒకావిడ "నాకు పని చేయలేదు" అని రాసింది. పొద్దున లేచి చూస్తే ఆ మెసేజ్ లేదు, ఆవిడా లేదు. కాదన్నవాళ్లను తీసేసే చోట ఒక్క రోజు కూడా ఉండొద్దు.

మంచి గుర్తు ఇంకొకటి: ఎవరో ఒకరు "నాకు తెలీదు" అంటూ ఉండాలి. వంద మంది ఉన్న గ్రూపులో ఏది అడిగినా అందరికీ అన్నీ తెలిస్తే అక్కడ ఎవరికీ ఏమీ తెలియదని లెక్క.

మొదటి మెసేజ్

"హాయ్, నాకు హెల్త్ ప్రాబ్లం ఉంది, హెల్ప్ చేయండి" అని పెడితే మూడు దండాల బొమ్మలు వస్తాయి, అంతే. అంతకంటే వేరే చెప్పడానికి వాళ్లకు మాత్రం ఏం ఆధారం ఇచ్చారు? నేను రెండోసారి పెట్టిన మెసేజ్ ఇది:

"అక్కలూ, నాకు 44 ఏళ్లు. ఎనిమిది నెలలుగా ముట్టు వస్తే పది పన్నెండు రోజులు ఆగడం లేదు, రక్తం గడ్డలు పడుతున్నాయి. ఒక డాక్టరుకు చూపించాను, గర్భసంచి తీసేయాలన్నారు. ఏ మందు వాడాలి అని అడగడం లేదు. ఇదే మాట విన్నవాళ్లు ఎవరైనా ఉంటే, మీరు నిర్ణయం తీసుకునేముందు ఏమేం అడిగారో చెప్పండి. రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను."

వయసు, ఎంతకాలం నుంచి, ఇప్పటిదాకా ఏం జరిగింది, ఇప్పుడు ఏం కావాలి, ఎప్పుడు చూస్తాను. ఊరు పేరు లేదు, బడి పేరు లేదు. టైపు చేయడం కష్టమైతే కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పండి, అదే రాస్తుంది. పంపేముందు ఒకసారి చదువుకోండి. నాది ఒకసారి "గడ్డలు" అంటే "గడ్డాలు" అని రాసి పెట్టింది, పీసీఓడీ అనుకొని సగం మంది ఆ జవాబులే ఇచ్చారు.

వచ్చిన జవాబులను చెరగడం

గంటలో ఇరవైకి పైగా జవాబులు వచ్చాయి. ఎక్కువమంది ఒకటే మాట, "తీయించేసుకో, ప్రశాంతంగా ఉంటుంది." నా డాక్టరు గదిలోనూ అదే విన్నాను. ఐదు నిమిషాలు కూడా కూర్చోలేదు, "పిల్లలు అయిపోయారు కదమ్మా, ఇంక దానితో పనేముంది" అన్నారు. ఆ నర్సింగ్ హోం పేరు ఇక్కడ అనవసరం. ఆ మాట ఒక్క చోట అనేది కాదు.

ఇరవైలో ఒక్క జవాబు వేరుగా ఉంది. పలమనేరు నుంచి ఒకావిడ. సలహా ఏమీ ఇవ్వలేదు, నాలుగు ప్రశ్నలు అడిగింది. "హిమోగ్లోబిన్ ఎంత? థైరాయిడ్ చూసినారా? స్కాన్‌లో గడ్డ ఉందా, ఉంటే ఎంత సైజు? లోపలి పొరలోంచి ముక్క తీసి పరీక్షకు పంపినారా?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. అప్పుడు తెలిసింది, నాకు గర్భసంచి తీసేయమన్నవాళ్లు అసలు ఏ జబ్బుకు తీస్తున్నారో చెప్పలేదని, నేనూ అడగలేదని.

మన రాష్ట్రంలో ఇది చిన్న సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం. అవసరం లేకుండా తీసేసే ఆపరేషన్లను ఆపేందుకు కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆపరేషనే తప్పని నేను అనడం లేదు. పలమనేరు అక్కే రాయవేలూరులో తీయించుకుంది. ఆమె గడ్డలు పెద్దవి, మందులతో ఏళ్ల తరబడి చూశాకే ఆ దారి పట్టింది. నేను ఆ నాలుగు ప్రశ్నలు చీటీ మీద రాసుకొని తిరుపతిలోనే ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో చూపించుకున్నాను. హిమోగ్లోబిన్ 8, అంటే రక్తం తక్కువ, థైరాయిడ్ తక్కువ పనిచేస్తోంది, గడ్డ చిన్నది, ముక్క పరీక్షలో భయపడాల్సింది లేదు. ఐరన్, థైరాయిడ్ మాత్రలు, తర్వాత గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్. గర్భసంచి ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అందుకని జవాబులు రాగానే చేటలో బియ్యం చెరిగినట్టు చెరగండి. "నాకు ఇలా జరిగింది" అన్నది ఉంచుకోండి. "డాక్టరును ఇది అడుగు" అన్నది భద్రంగా దాచుకోండి. "ఈ మాత్ర రోజుకు ఇన్ని వేసుకో" అన్నది పారబోయండి, చెప్పింది ఎంత మంచి మనిషైనా సరే. మా గ్రూపులో ఒక పెద్దావిడ థైరాయిడ్ మాత్ర కాఫీతోనే వేసుకుంటానని, ఏమీ కాలేదని ధైర్యం చెప్పేది. ఆమెకు ఏమీ కాలేదంటే మాత్ర పని కూడా సరిగా కాలేదేమో. దాన్ని పరగడుపున నీళ్లతో వేసుకొని అరగంట నుంచి గంట ఆగాకే కాఫీ తాగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

తిరుపతి వాళ్లకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. మనం ఉన్న ప్రతి గ్రూపులోనూ బయటి ఊళ్లవాళ్లు అడిగేది ఒకటే: "ఎల్లుండి దర్శనం, ముట్టు వాయిదా పడే మాత్ర పేరు చెప్పు అక్కా." టికెట్టు మూడు నెలల ముందే తీసుకుంటారు, మాత్ర సంగతి మాత్రం కొండ ఎక్కేముందు గుర్తొస్తుంది. ఆ హార్మోన్ మాత్ర ముట్టు రావాల్సిన తేదీకి సుమారు మూడు రోజుల ముందు మొదలుపెడితేనే పనిచేస్తుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, అప్పట్లో నాలా కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లు వాడకూడదు. పేరు నాకు తెలుసు, చెప్పను. "డాక్టరుతో చీటీ రాయించుకో చెల్లీ" అంటే కొందరికి నా మీద కోపం. పోనీలే అనుకుంటాను.

గుంపులోంచి ఒక్కరు

స్నేహం గ్రూపులో పుట్టదు, గ్రూపు పక్కన పుడుతుంది. ఎవరి మాటలు రెండు మూడుసార్లు మీ మనసుకు పట్టాయో వాళ్లకు విడిగా రాయండి, అదీ అడిగాకే: "అక్కా, మీకు విడిగా మెసేజ్ చేయొచ్చా?" ఒప్పుకోకపోతే మనసు కష్టపెట్టుకోవద్దు. ఆమె ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో మనకేం తెలుసు.

తర్వాత మాట. ఒకసారి ఫోన్‌లో గొంతు వినండి, అవతల ఉన్నది ఆడమనిషే అని తేలడానికి కూడా. కలవాలనుకుంటే పగటిపూట, నలుగురు తిరిగే చోట. పలమనేరు అక్కను నేను మొదట చూసింది తిరుచానూరు అమ్మవారి గుడి దగ్గర. ఆమె డబ్బాలో సంగటి, ఊరుబిండి తెచ్చింది, "రక్తం లేనిదానివి, తిను" అని. గంటన్నర కూర్చున్నాం. ఒంటి గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నామేమో, మిగతాదంతా ఆమె కోడలి గురించే.

డబ్బు సంగతి మొదటే తెగ్గొట్టండి. "ఆపరేషన్ ఉంది, ఐదు వేలు పంపు" అని చూసి ఎరగని మనిషి అడిగితే మనసు ఎంత కరిగినా పంపొద్దు. పంపి మోసపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి. నా నియమం ఏమంటే, చూసి ఏడాది కానివాళ్లకు అప్పు లేదు, బస్ చార్జీ దాకా అయితే ఊరికే ఇచ్చేస్తాను.

ఇంకొకటి, ఇది నాకే ఆలస్యంగా వెలిగింది. ఆరు నెలలు నేనే చెప్పాను, అక్క వింది. ఒకరోజు ఆమె రెండు రోజులు పలకలేదు. మూడో రోజు నేను "ఏమైంది అక్కా" అంటే, "అడిగినావే ఇన్నాళ్లకు" అంది నవ్వుతూ. మోకాళ్ల నొప్పులతో మంచం మీద ఉందట. అప్పటినుంచి నా గోడు చెప్పేముందు ఆమెది అడుగుతాను. మీరు ఆసుపత్రికి వెళ్లే రోజు ఆమెకు ముందు చెప్పండి, ఆమె వెళ్లే రోజు మీ క్యాలెండర్‌లో రాసుకోండి. "పోయినావా? ఏమన్నారు?" అని సాయంత్రం వచ్చే ఆ ఒక్క మెసేజ్ కోసమే నేను రెండుసార్లు ఓపీ మానకుండా వెళ్లాను.

కుదరకపోతే

గ్రూపు నచ్చకపోతే ఊరుకోండి, పోట్లాడొద్దు. వాట్సాప్‌లో బయటికి వచ్చేస్తే ఆ కబురు అడ్మిన్‌లకు మాత్రమే వెళుతుంది. వెళ్లిపోయినవాళ్ల జాబితాలో 60 రోజులు మీ పేరు ఉంటుంది, ఉంటే ఉండనీయండి. చదివి చదివి భయం పెరుగుతుంటే కూడా బయటికి రావచ్చు. తర్వాత ఒకసారి నా రొమ్ములో గడ్డ తగిలి, పరీక్ష ఫలితం రావాల్సిన వారం నేను ఫోన్ మా అబ్బాయికిచ్చి ఆ గ్రూపులన్నీ మ్యూట్ చేయించాను. ఫలితం మంచిదే వచ్చింది, ఆ వారం మాత్రం ఎవరి మాటా వినే స్థితిలో లేను.

మీకు కావలసినది ఎక్కడా లేకపోతే మీరే మొదలుపెట్టండి. డ్వాక్రా లెక్కన పదిమంది చాలు. మేం తొమ్మిదిమందితో మొదలుపెట్టాం, ఇప్పుడు పద్నాలుగు. ఇద్దరు అడ్మిన్‌లు, ఒకరికి బాగాలేనప్పుడు ఇంకొకరు. కొత్తవాళ్లను చేర్చాలంటే ఉన్నవాళ్లలో ఒకరు పూచీ పడాలి. గ్రూపులో విన్నది మొగుడికి కూడా చెప్పకూడదు. మందు పేర్లు, అమ్మకాలు లేవు. రాత్రి పదిన్నర దాటితే ఏడుపు మెసేజ్‌లకు తప్ప జవాబు ఇవ్వక్కర్లేదు. రెండు నెలలకోసారి ప్రకాశం పార్కులో కలుస్తాం, వచ్చినవాళ్లే వస్తారు. చివరిది, గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టకూడదు. మిగతా నియమాలన్నింటికీ అందరూ సరేనన్నారు గానీ, ఈ ఒక్కదాని మీద ఇద్దరు ఇప్పటికీ అలిగే ఉన్నారు.